అంజుమ్ కండె

కూతురు పోయి నాలుగేళ్లయినా హసీనాబీ ఆ పిల్ల ఆడుకున్న మగ్గం కండెను వదల్లేదనీ, ఎవరూ లేనప్పుడు దానితో మాట్లాడుతుందనీ పక్కింటి లక్ష్మీదేవమ్మ కొళాయి దగ్గర చెప్పిందట. ఆ మాట పొద్దున ఆస్పత్రికి పోను పెనుకొండలో బస్సెక్కేటప్పుడే హసీనాబీ చెవిన పడింది. కోపం రాలేదు. లక్ష్మీదేవమ్మ చెప్పిందాంట్లో ఒక్కటే తప్పు. కండెతో తను మాట్లాడదు, వింటుంది.

ఆస్పత్రిలో ఆయాగా ఆమెకది ఆఖరి రోజు. ఇరవై రెండేళ్లుగా చేసినట్టే ఓపీ గది తుడిచింది, ఫినాయిలు చల్లింది, కిర్రుమనే ఫ్యాను ఆపేసింది. పది గంటలకు హాల్లో సిబ్బందికి శిక్షణ. ఆటిజం ఉన్నవాళ్లతో, బుద్ధి నిదానంగా ఎదిగినవాళ్లతో ఎలా మెలగాలో చెప్పడానికి హిందూపురం నుంచి నిర్మల మేడం వచ్చింది. హసీనాబీ అందరికీ టీలిచ్చి గోడకానుకుని నిలబడింది.

"ముట్టుకునే ముందు చెప్పండి. చప్పుడు తగ్గించండి. నొప్పిని వాళ్లు మనలాగ చెప్పుకోలేరు," అంటోంది మేడం.

ఆ గొంతు మెల్లగా దూరమైంది. ధర్మవరంలో పుట్టింటి మగ్గం చప్పుడు. కిటికీలోంచి పడే ఎండలో, పట్టు పోగుల మధ్య అంజుమ్. పంతొమ్మిదేళ్లొచ్చినా ఒక్క మాట రాలేదు. పట్టు అయిపోయిన కండెను నేలమీద గిర్రున తిప్పి, అది ఆగేదాకా గొంతులోనే సన్నగా రాగం తీసేది. ఇంటెడు ఎండా ఆ కండె చుట్టూనే తిరిగేది.

ఓపీలోంచి కేక. హసీనాబీ ఉలిక్కిపడింది.

చెన్నేకొత్తపల్లి నుంచి వచ్చిన కదిరప్పది ఆ కేక. నలభై ఏళ్ల మనిషి, మాటలు రావు. అరచేత్తో తల టపటపా బాదుకుంటున్నాడు. ఆ చెయ్యి పట్టుకోలేక అక్క రామాంజినమ్మ ఏడుస్తోంది. శిక్షణలోంచి లేచొచ్చిన ప్రేమలత సిస్టర్ వాకిట్లోంచే చూసింది.

"ఇట్లాంటోళ్లకు ఇది అలవాటేమ్మా. నిద్రమాత్ర రాపిస్తా, ఇంటికి పిల్చకపో."

"మూడు దినాల్నుంచి కూడు ముట్టలేదు సిస్టరమ్మా!"

ఆయాలు నోరెత్తే చోటు కాదది. అయినా హసీనాబీ కొంగుముడి విప్పి కండె తీసింది. అతని చేతికివ్వలేదు. మూరెడు దూరంలో నేలమీద తిప్పి, తన చూపు పక్కకు మళ్లించుకుంది. కండె తిరిగింది. బాదుకునే చెయ్యి గాల్లోనే ఆగింది.

"అప్పా, నీ చెవిలోకి డాక్టరు లైటేసి చూస్తాడు. అంతే," అంది, గోడకేసి చూస్తూనే. తర్వాత సిస్టర్‌తో అంది: "ఎడం చెవి పక్కే కొట్టుకుంటాండాడు చూడమ్మా. అలవాటైతే ఒక పక్కే ఎందుకు కొట్టుకుంటాడు?"

డాక్టరు వచ్చి చూశాడు. చెవి నిండా చీము.

సాయంత్రం హాల్లోనే హసీనాబీకి శాలువా కప్పి చప్పట్లు కొట్టారు. ఆమె దాన్ని మడిచి బల్లమీద పెట్టి చెప్పులు తొడుక్కుంటోంది. ప్రేమలత నవ్వుతూ దగ్గరికొచ్చింది.

"నీ కండె ఆయప్ప దగ్గరే వదిలేస్తివే ఆయమ్మా! ఇంతకూ ఇవన్నీ నీకెవరు నేర్పిరి?"

"నా అంజుమ్ కడుపు పట్టుకోని రాగం తీస్తాంటే, అలవాటేలే, ఇంటికి పిల్చకపో అంటివి గదమ్మా. నాలుగో దినానికి పాయ."

హసీనాబీ బస్సుకు వెళ్లిపోయింది. బల్లమీద శాలువా మడత మడతగానే ఉంది.