మూడు డిస్కుల్లో ఒక గొంతు

గుండ్రంగా తుడవకూడదు. నడిమి చిల్లు దగ్గర మొదలుపెట్టి అంచుదాకా తిన్నగా లాగాలి. గుడ్డ మడత మార్చి మళ్ళీ లోపలినుంచి లాగాలి. గీతలాయన పొద్దుటినుంచీ ఆ పనిమీదే ఉన్నాడు. తుడిచిన డిస్కుని దీపానికి ఎదురుగా వాల్చి, ఒక కన్ను మూసి, బియ్యంలో రాయి వెతికినట్టు చూశాడు.

అసలు పేరు ఆయన గుర్తింపు కార్డుకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. గీతలు పడ్డ డిస్కుల్లోంచి పోయినవి బయటికి తీస్తాడు కాబట్టి గీతలాయన. ఫొటో స్టూడియోలో ముందుగది బావమరిదిది, కిటికీ లేని వెనకగది ఈయనది. బల్లమీద మూతలు ఊడదీసిన, డిస్కులు చదివే పాత డ్రైవులు, స్పిరిట్ సీసా, భార్య దూది కూరి కుట్టిచ్చిన దిండున్న కుర్చీ. స్పిరిట్‌కి బొటనవేళ్ళ చర్మం పగిలి గరుకు తేలింది. చదువబ్బక చిన్నప్పుడే వీడియో కొట్లో టేపులు వెనక్కి తిప్పే పనికి కూర్చున్నాడు. టేపులు పోయి డిస్కులొచ్చాయి, ఇప్పుడు డిస్కులూ పోతున్నాయి. ఈయన మాత్రం లేవలేదు.

పాడైపోయినవాటి దగ్గరే బతుకు పాడు చేసుకున్నాడని నవ్వుతారు. నవ్వినవాళ్ళే ఏదో ఒకరోజు సంచీ పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడతారు. దిక్కుమాలిన జనం. ఉన్నన్నాళ్ళూ పట్టించుకోరు, పోయాక గుండెలు బాదుకుంటారు. ఈ మాట ఆయన ఎవరి మొహానా అనలేదు. అనాల్సింది.

మధ్యాహ్నం, డిస్కులు ముందే ఇచ్చి వెళ్ళిన బస్సు డ్రైవరూ, అతని భార్యా వచ్చారు. ఆమె మెడకి సన్నటి గుడ్డ చుట్టుకుంది. గొంతుకి ఆపరేషను చేసి ప్రాణం నిలబెట్టారు, మాట మాత్రం తీసుకెళ్ళిపోయారు. ఆమె మాట్లాడగా తీసిన వీడియో వాళ్ళకి ఒక్కటే ఉంది, కొత్తింట్లోకి దిగిన రోజుది.

“వచ్చిందా అన్నా?” గుమ్మంలోనే అడిగాడు డ్రైవరు.

“కూర్చోవయ్యా. ముందిది చెప్పు. దీనిమీద బాల్‌పెన్నుతో ‘జాగ్రత్త’ అని రాసిందెవరు?”

“నేనే. పోకూడదని రెండుసార్లు దిద్దాను.”

“అలా దిద్దబట్టే పోయింది. అసలు సరుకుండే పూత మెరిసే అడుగువైపు కాదు, నువ్వు రాసిన వైపే, పల్చటి రంగు చాటున ఉంటుంది. నొక్కి రాస్తే చిట్లిపోతుంది.”

భార్య మొగుడి డొక్కలో మోచేత్తో పొడిచింది.

“ఒకటి పోతే ఇంకోటుంటుందని మూడు కాపీలు తీశాం కదన్నా!”

“మూడూ ఒకే పాకెట్‌లోవి. రెండిటిని ఒకే డబ్బాలో పెట్టి నీళ్ళు కారే అటకెక్కించావు. మరి మూడోదానికి తాడెందుకుందీ?”

“పావురాలు రాకుండా బాల్కనీలో కట్టింది మహాతల్లి. నేను చూసి విప్పాను.”

ఆమె భుజాలెగరేసింది. పావురాలైతే రాలేదుగా అన్నట్టు.

గీతలాయన నవ్వుతూ తెర అటు తిప్పాడు. పగిలినచోటే పట్టుబట్టి చదివించబోతే డ్రైవు అలిసి చస్తుంది. అందుకే లొంగినవన్నీ ముందు లాగేసి, మొండికేసిన చోట్లకి తర్వాత నెమ్మదిగా తిరిగొచ్చాడు. ఒకదాంట్లో లేని ముక్కని ఇంకోదాంట్లోంచి తెచ్చి అతికాడు. మూడు కుంటివి కలిసి ఒకటి నడిచింది.

తెరమీద ఖాళీ గది, మూటలు. జుట్టు దువ్వుకుంటూ కెమెరాకి అడ్డంగా కుర్ర డ్రైవరు. వెనకనుంచి గొంతు ఖంగుమంది: “తప్పుకో! మీ నాన్నేమన్నా అద్దాల కొట్టు పెట్టాడా, నీలోంచి అవతలిది కనపడ్డానికి?”

డ్రైవరు తెర దగ్గరికి జరిగాడు. ఆమె చెయ్యి మెడగుడ్డ మీదికి పోయింది. పెదవులు ఆ మాటల్నే చప్పుడు లేకుండా అన్నాయి.

“ఈ తిట్టు పావురాల డిస్కులోదేనయ్యా. మిగతా రెంటిలో ఇక్కడేమీ మిగల్లేదు.”

ఆమె రొమ్ము మీద వేలు పెట్టుకుని మొగుడికేసి చూసింది. అతను కళ్ళు తుడుచుకుంటూ, “ఇంకోసారి తిట్టించన్నా,” అన్నాడు.

గీతలాయన ఒక కొత్త డిస్కూ, ఒక చిన్న హార్డ్‌డిస్కూ చేతిలో పెట్టాడు. “రెండూ ఒకచోట పెట్టకు. ఇంకో కాపీ మీ చెల్లెలి ఊళ్ళో ఉంచు. ఏడాదికోసారి తీసి ఆడించి చూడు. ఆడించి చూడని కాపీ ఉన్నా లేనట్టే.”

“ఏడాదికోసారా! రోజూ తిట్టించుకుంటాను.”

“చెల్లెలి కాపీ రేపు తీసుకో. చివరిదాకా వినందే నేనివ్వను.”

సాయంత్రం వాళ్ళు వెళ్ళాక ఇంటినుంచి ఫోనొచ్చింది. తొందరగా రమ్మంది భార్య.

“ఒకావిడ తిట్లు వింటున్నానే. అయిపోగానే వస్తా.”

“నావి చాలడం లేదా?”

“నీవి కంఠతా వచ్చేశాయిగా,” అని నవ్వి పెట్టేశాడు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చెల్లెలి ఊరికి వెళ్ళాల్సిన కాపీ పెట్టి, దిండుకి నడుం ఆనించాడు.

స్టూడియో కట్టేసే వేళకి బావమరిది వచ్చాడు. “బావా, తాళం వేద్దామా?” పలకలేదు. భుజం తడితే తల పక్కకి వాలింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. చెయ్యి పట్టుకున్నాడు, చల్లగా ఉంది.  నిద్ర చెడగొడతానేమోనన్నట్టు హెడ్‌ఫోన్లు నెమ్మదిగా తీసి బల్లమీద పెట్టి, అక్క నంబరు వెతుక్కుంటూ ముందుగదిలోకి నడిచాడు.

బల్లమీది హెడ్‌ఫోన్లలోంచి, చెవి ఆనిస్తే తప్ప వినపడనంత సన్నగా, డ్రైవరు భార్య ఎవరితోనో అంటోంది: “ఆ తలుపు వెయ్యకండి, కాస్త గాలాడనీండి.”