తొలి గుక్క

భూపతి దొర గడీలో విందు ఎప్పుడు జరిగినా, సీసా ఏది విప్పినా, తొలి గుక్క కొండవ్వదే. గౌరవమనుకునేరు, అంత భాగ్యం కూడానా! దొర తండ్రి ఒక విందులో సారా తాగి పడుకుని మళ్లీ లేవలేదు. పాలివాళ్లే విషం కలిపించారని దొరకు గట్టి నమ్మకం. అప్పటి నుంచి ఏ సీసా అయినా ముందు కొండవ్వ తాగాలి. తాగి గోడవారన నిలబడాలి. హుక్కాలో నిప్పు ఆరేదాకా ఆమె పడిపోకుండా ఉంటే అప్పుడు దొర గ్లాసు ఎత్తేవాడు. వెట్టికి హద్దేముంది? నీళ్లు మోయడం వెట్టి, అంట్లు తోమడం వెట్టి, దొర బదులు చావడం కూడా వెట్టే.

సికింద్రాబాదు నుంచి ఒక తెల్లదొర బహుమానంగా పంపిన పెట్టె నిండా ఎర్రసారా సీసాలుండేవి. ద్రాక్షపండ్లతో చేసిందట. చల్లటి చీకట్లో పడుకోబెడితే ఏళ్లు గడిచేకొద్దీ రుచి తేలుతుందని ఆయన చెప్పి పంపాడు. దొర వాటిని నేలమాళిగలో ఇసుకలో పడుకోబెట్టించి, దసరాకొకటి చొప్పున బయటికి తీయించేవాడు. తనకు వెండి గ్లాసు. కొండవ్వకు కొబ్బరిచిప్ప, అదీ సీసా అంటకుండా ఎత్తు నుంచి పోయించేవాడు.

మొదటి ఏడు ఆమె నోరు గుంజుకుపోయింది. పచ్చి నేరేడుకాయ కొరికినంత వగరు. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. థూ, దీనికా ఇంత మురిపెం అనుకుంది. తర్వాతి దసరాలూ అంతే. అట్లా ఉండుండి ఒక ఏడు ఆ వగరు కాస్త తగ్గింది, దాని మాటు నుంచి పండు బయటికొచ్చింది, నల్లగా మాగిన నేరేడు. ఇంకొన్నేళ్లకు పండు కూడా సన్నగిల్లి, ఎండు రేగుపండు వచ్చింది, ఆరిన పొగాకు వచ్చింది, తొలకరికి తడిసిన చెలక మట్టి వాసన వచ్చింది. సిరాలాంటి రంగు ఇటుక రంగులోకి దిగింది. అడుగున మడ్డి పేరుకుంది. మింగాక కూడా రుచి చాలాసేపు నోట్లోనే తచ్చాడేది. తను చస్తుందో లేదో చూడ్డానికి పోసిన గుక్కలో కొండవ్వ ఆ రుచిని వెతుక్కోవడం నేర్చుకుంది. దొర ఏటా "ఎట్లున్నదే?" అని అడిగేవాడు. "సారా లెక్కనే ఉన్నది దొరా" అనేది. నిజం ఎందుకు చెప్పాలి? ఆ గడీలో తనదంటూ ఉన్నది అదొక్కటే.

ఆ ఏడు దసరాకు ముందురోజు గడీ జీతగాడు దుబ్బయ్య ఆమె గుడిసెకు వచ్చి, తల దించుకుని కబురు చెప్పాడు.

"కొండవ్వా, రేపటి సంది తొలి గుక్క నీ బిడ్డ తాగాల్నట. బాలమణిని గడీలనే ఉంచుమంటుండు దొర."

గడీలో ఉంచడమంటే ఏమిటో ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అట్లా పోయిన ఆడపిల్లకు పెళ్లి ఉండదు, పుట్టిన పిల్లలకు తండ్రి పేరుండదు. కొండవ్వ చావడానికి సిద్ధపడి ఇన్నేళ్లు తాగింది బిడ్డను అప్పజెప్పడానికా? నంగునూరు దిక్కు పల్లెల్లో సంఘం వాళ్లు వెట్టి బంద్ పెట్టించారని వింటోంది. ఈ ఊళ్లో సంఘం లేదు. అది వచ్చేదాకా దొర ఆగుతాడా?

దసరా సాయంత్రం ఆమె ఒక్కతే గడీకి పోయింది. దొర పక్కన కుర్చీలో సిద్దిపేట నుంచి వచ్చిన పోలీసు అమీను కూర్చుని ఉన్నాడు. ఇద్దరి ముందూ వెండి గ్లాసులు.

"బాలమణేదే?" అన్నాడు దొర.

"రాదు దొరా."

"రాదా?" దొర నవ్వాడు. "సరే, ఇయ్యాల నువ్వే తాగు. రేపు మనుషుల్ని తోలి గుంజుకొస్త."

దుబ్బయ్య బిరడా పీకి గ్లాసులు నింపి, చిప్పలోకి సీసా వంచాడు. వాసన తగలగానే కొండవ్వకు ప్రాణం లాగింది. ఇన్నేళ్లలో అంత మెత్తటి వాసన ఎప్పుడూ రాలేదు. ఇది పూర్తిగా మాగిన ఏడు ఇదే, ఒక్క గుక్క తాగితే ఏం పోతుంది అని నాలుక బతిమాలింది. ఆమె చిప్పను నేల మీద బోర్లించింది.

"నేను తాగ."

అమీను తన గ్లాసును మెల్లగా దూరం జరిపాడు. "ఎందుకు తాగుతలేదు? దీంట్ల ఏమున్నది?"

"పొగరు సాబ్, ఇంకేం లేదు" అన్నాడు దొర. అన్నాడే గానీ అతని చెయ్యి కూడా గ్లాసు మీదకు పోలేదు. కొండవ్వ వైపు తిరిగాడు. "ఏం కలిపినవే?"

"ఏం కలుపలె. నమ్మకుంటే తాగి సూడుండ్రి." ఆమె అక్కడితో ఆగలేదు. "నా బిడ్డను గుంజుకొస్త అన్నరు. గుంజుకరాండ్రి. గీ గడీల నీళ్లు తెచ్చేది మేము, పాలు పిండేది మేము, బువ్వ వండేది మేము. మీ నోట్లెకు పోయేదంత మా చేతుల మీదికెల్లే పోతది. దినాం ఎవలతోని తాగిపిస్తరు?"

కాల్మొక్త అనలేదు, బాంచెన్ అనలేదు. వచ్చినదారినే తిరిగింది. వెనక నుంచి ఆగమన్నవాడు లేడు. అమీను అప్పటికే తన గుర్రం తెమ్మని కేకేస్తున్నాడు.

మర్నాడు పొద్దున్నే కొండవ్వ బిడ్డను లోపల పెట్టి, కొడవలి పట్టుకుని గడపలో కూర్చుంది. వస్తే రానీ, ఒక్కణ్నయినా నరికే పోతాను అనుకుంది. భయం లేదా అంటే ఉంది. పొద్దు బారెడెక్కాక దుబ్బయ్య ఒక్కడే వచ్చాడు. అతని ముఖంలో నవ్వు దాగడం లేదు.

"దొర నిన్నటి సంది ఏం ముడుతలేడు కొండవ్వా. మంచినీళ్లు గూడ. బాలమణి ముచ్చట ఇగ ఎత్తడట. నువ్వొచ్చి చెంబుల ఒక్క గుక్క తాగి సూపెడితే చాలంటుండు."

కొండవ్వ కొడవలి పక్కన పెట్టలేదు.

"దూపైతే బాయి కాడికి రమ్మను. చాంతాడు గాడనే ఉన్నది. చేదుకొని తాగుమను."