తానై పగిలిన గుమ్మడికాయ

వైశాఖమాసపు పగలు వాలుచుండెను. ప్రచండభానుకిరణసంతప్తములైన పెంకుటిండ్ల కప్పులనుండి వేడియావిరులు లేచి దూరమందలి కొబ్బరితోటలను నీటిలోని నీడలవలె కదలించుచుండగా గౌతమీతీరమందలి యా పల్లెలో పక్షులు సైతము నోరు మెదపక ఆకులచాటున ఒదిగియుండెను. అట్టివేళ హైమవతి తల్లిలేని పెరటిలో భస్మధూసరమైన బూడిదగుమ్మడికాయను ముందిడుకొని చేష్టలుడిగి కూర్చుండెను.

ఆ కాయను కోసి ముక్కలకు ఉప్పును పసుపును పట్టించి మూటగట్టి రాత్రియంతయు రాతిక్రింద నుంచిననే కాని మరునాటి యుదయమున మినపపిండిలో కలిపి వడియములు పెట్ట వీలుపడదు. అయినను ఆమె చేయి కత్తిమీదికి పోదు. గుమ్మడికాయపై మొదటి వ్రేటు పురుషుడే వేయవలెనని యా పల్లె యాచారము. ఆ యింట పురుషుడు లేడు. తల్లి సుభద్రమ్మ గతించిన పిమ్మట వచ్చిన మొదటి వేసవి యది. ఈయేడు వడియములు పెట్టనిచో నూనెలో పడగానే మల్లెమొగ్గలవలె విచ్చుకొను ఆ చేతిరుచి తల్లితోడనే యిల్లు వెడలిపోవునని ఆమె తల్లడిల్లుచుండెను.

సుభద్రమ్మ పిన్నవయస్సుననే వైధవ్యము పొందినది. పొలమును మరిది గవర్రాజునకు కౌలున కీయక తానే సేద్యము చేయింప నిశ్చయించినందున అతడు మిక్కిలి కినిసి ఆ వేసవిని గుమ్మడికాయ కొట్టుటకు పిలిచినప్పుడు గుమ్మముకడనే నిలిచి,

"పొలం చేయించుకునే మొనగత్తెకి కాయ కొట్టడానికి మగాడెందుకో!" అని యెకసక్కెమాడెను.

సుభద్రమ్మ కాయను రెండుచేతుల నెత్తి సన్నెకల్లుపై జారవిడిచెను. అది రెండు చెక్కలయ్యెను.

"నేను కొట్టలేదు మరిదిగారూ, అదే పగిలింది. ఇహ ముక్కలు కోసుకోవచ్చు గదా?"

వడియము లెండిన పిమ్మట మొదటి గిన్నె గవర్రాజు ఇంటికే పంపెను. పంతమును పెరటిలోనే విడిచి రుచిని మాత్రము గడపదాటించిన యా యిల్లాలు ప్రతి వేసవియు నట్లే చేసెను.

"ఏమే హైమా, అలా చూస్తూ కూచుంటే అదే ముక్కలైపోద్దా? మీ అమ్మలాగా ఎత్తి పడెయ్!" అని గోడమీదుగా పొరుగింటి నాంచారమ్మ కేకవేసెను.

హైమవతి లేచి కాయనెత్తి సన్నెకల్లుపై విడిచెను. అది పగులక దొర్లిపోయి, అప్పుడే కర్ర యూతగా పెరటివాకిట నడుగిడిన వృద్ధుని పాదములకడ ఆగెను. అతడు గవర్రాజు. చేత కత్తి యుండెను.

"గిన్నె కోసమా బాబాయ్? ఇంకా పెట్టనే లేదు."

"గిన్నె కోసం కాదమ్మా. ఆ ఏడు కొట్టాల్సిన కాయ కొడదామనొచ్చాను. ఇన్నేళ్లూ మీ అమ్మ వడియాలు తిని, బావున్నాయని ఒక్కనాడూ అనలేకపోయాను."

"ఎంత తొందరగా బుద్ధొచ్చిందయ్యా గవర్రాజూ!" అని నాంచారమ్మ నవ్వెను.

అతడు కత్తి నెత్తెను. సన్నెకల్లు వంక చూచెను. ఎత్తిన చేయి మెల్లగా దించి కత్తిపిడిని హైమవతివైపు త్రిప్పి,

"వదిన పెరట్లో నేను కొట్టేదేంటి? నువ్వే కొట్టు. ఎవరైనా అడిగితే అదే పగిలిందని చెబుదాం" అనెను.

హైమవతి కత్తి నందుకొనెను.

"వద్దు బాబాయ్. నేనే కొట్టానని చెప్పు."

ఒక్క వ్రేటుకే కాయ విచ్చి తెల్లని కండ బయల్పడెను.

మరునాటి ప్రొద్దున సుభద్రమ్మ పాతచీరపై వడియములు బారులుతీరి ఎండ కాగుచుండెను. వాని ప్రక్కన చూరునీడలో గవర్రాజు కర్ర చేతబూని, ఒకప్పుడు తాను గడపదాటి రాని యా పెరటిలో ప్రొద్దుక్రుంకువరకు కాకులను తోలుచు కూర్చుండెను.