నజీహా ఇచ్చిన మజ్జ

వసీలా ట్యూనిస్ ఆసుపత్రిలోని ఆ గదిలోకి వచ్చి డెబ్బై మూడు రోజులైంది. కిటికీ తెరుచుకోదు. మాస్కు లేకుండా కూతురికి ఎప్పుడు ముద్దు పెట్టిందో ఆమెకు గుర్తులేదు. ఏడు నెలల రీమ్ ఎముకల మజ్జలో రోగాలతో పోరాడే తెల్లకణాలు పూర్తిగా ఎదగకుండా సగంలోనే ఆగిపోతున్నాయి. పిల్ల ప్రాణం తీయడానికి మామూలు జలుబు చాలు. మొదటి కొడుకును సొంతూరు కైరవాన్‌లో అలాగే పోగొట్టుకుంది. అప్పుడు అందరూ దిష్టి అన్నారు.

అద్దానికి అవతల ఫోను పట్టుకుని అత్త మొంజియా నిలబడింది. ఆమె వసీలాకి సొంత మేనత్త కూడా.

"మా ఇంట్లో ఇట్లాంటి రోగం ఎన్నడైనా విన్నామా? అంతా మీ అమ్మ వైపుదే."

"కాదత్తా, మనదే. నువ్వూ నాన్నా ఒక కడుపున పుట్టినవాళ్ళేగా? చెడిన జన్యువు నీ నుంచి నీ కొడుక్కి, నాన్న నుంచి నాకు వచ్చింది. ఒక్కటుంటే ఏమీ కాదట. రీమ్‌కి రెండూ వచ్చాయి. పిల్లకి మంచి మజ్జ ఎక్కించాలట. నీ కూతురు నజీహాని ఒక్కసారి పరీక్షకి పంపు. మిగతావాళ్ళెవరి మజ్జా సరిపోలేదు."

"వచ్చే నెల దాని పెళ్ళి. ఏదైనా బయటపడితే?"

"ఇక్కడ నా పిల్ల పోతుందత్తా!"

మొంజియా ఫోను పెట్టేసింది. వసీలా అరచేత్తో అద్దాన్ని కొట్టింది. పరిగెత్తి వెళ్ళి ఆడపడుచు కాళ్ళు పట్టుకోవాలనిపించింది. కానీ ఆ గది దాటితే మళ్ళీ వెంటనే రానివ్వరు. నజీహా చేసుకోబోయేది వసీలా తమ్ముడు హాతిమ్‌నే. అడిగితే తమ్ముడి పెళ్ళి తన చేత్తో చెడగొట్టినట్టవుతుంది. మూడు రోజులు నంబరు నొక్కబోయి మానేసింది. నాలుగో రోజు పిల్లకి జ్వరం వచ్చింది. ఇక ఆగలేక ఫోను చేసింది.

"ఇన్నాళ్ళూ నోరు పడిపోయిందా వదినా? నేనేమైనా పరాయిదాన్నా?" అని తిట్టిపోసింది నజీహా. మర్నాడు తల్లికి చెప్పకుండా ట్యూనిస్ వచ్చింది.

మజ్జ సరిపోయింది. కానీ చెడిన జన్యువు ఆమెలోనూ ఒకటుంది.

"మీకున్నది ఒక్కటే కాబట్టి మీ మజ్జ పాపకి పనికొస్తుంది. కానీ పెళ్ళికి ముందు హాతిమ్‌ని కూడా పరీక్ష చేయించుకోమనండి" అంది డాక్టర్ బసీమా.

హాతిమ్‌కీ ఉంది. పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉందని చెప్పారు. మజ్జ ఇచ్చిన మర్నాడు నజీహా నడుం పట్టుకుని అద్దం దగ్గరికి వచ్చింది.

"పెళ్ళి వద్దన్నాను వదినా. ఇలాంటి గదిలో కూర్చునే ఓపిక నాకు లేదు."



మజ్జ ఎక్కించిన ఇరవై ఆరో రోజున రీమ్ రక్తంలో కొత్త కణాలు కనబడ్డాయి. ఇంకో మూడు నెలలకి ఇంటికి పంపారు. మొంజియా మనవరాలి కోసం కొత్త దుప్పట్లు పరిచింది కానీ కోడలితో ఒక్క మాట మాట్లాడలేదు. హాతిమ్ అక్క గడప తొక్కలేదు. నజీహా మాత్రం గబగబా వచ్చి పిల్ల కోసం చేతులు చాచింది.

వసీలా ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"ఆగవే. ముందు చేతులు కడుక్కో."