ఊరేగింపుకు తగిన గేర్‌బాక్స్

గుడియాత్తం బజారులో ఇనుప సామాన్ల అంగడి నడిపే సుందరరాజులును ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆయన పార్టీకి నగర కార్యదర్శి కాబట్టి అందరికీ ఆయన 'నగరం'. ఆయనకు పైనుండే జిల్లా కార్యదర్శి పొన్నుసామి 'మావట్టం', అంటే తమిళంలో జిల్లా. నగరం ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో మావట్టం ముఖం చూసి తెలుసుకోవాలి. ఇందులో నవ్వడానికేమీ లేదు, అక్కడ పార్టీ అలాగే నడుస్తుంది.

నగరం కొడుకు రాఘవన్‌కు పార్టీ పట్టదు. అతని ప్రాణమంతా ఇంట్లో ఉన్న పాత కాంటెస్సా కారు మీదే. దాని డీజిల్ ఇంజన్ పీకేసి, చెన్నై పాత సామాన్ల బజారులో దొరికిన జపాన్ పెట్రోల్ టర్బో ఇంజన్ ఎక్కించాడు. ఆర్‌టీఓ కాగితాల్లో ఆ కారు ఇప్పటికీ డీజిలే తాగుతోంది. నగరం కారు బానెట్ ఎత్తి చూసే ధైర్యం ఎవరికుంటుంది? వారమంతా అంగడి పనుల మీద తిరిగేదీ అదే, చెన్నై దగ్గర పాడుబడ్డ రన్‌వే మీద తిన్నగా దూసుకుపోయే డ్రాగ్ రేసులో పరుగెత్తేదీ అదే. పోయిన రేసులో పచ్చ దీపం వెలగగానే గేర్ల పళ్ళు రాలిపోయి, బండిని తోసుకుంటూ రావలసి వచ్చింది. అందుకని ఈసారి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వేయాలనుకున్నాడు. ఏ ఆటోమేటిక్ అన్నదగ్గరే చిక్కు వచ్చింది.

వేలూరులో మెకానిక్ ఏసుదాస్ షెడ్డులో రెండు పెట్టెలు ఉన్నాయి.

"ఇది అమెరికాది తంబీ, మూడు గేర్లు. పందేనికే పుట్టినాది," అన్నాడు ఏసుదాస్. "దీని కన్వర్టర్ వదులు. ఇంజన్ బాగా అరిచి టర్బో ఊదేదాకా చక్రానికి బలం పట్టనియ్యదు. పట్టిందంటే ఇంక నీకు అడ్డం లేదు. ఆ రెండోది నీ ఇంజన్‌తోనే జపాన్ నించి వచ్చినాది, నాలుగు గేర్లు. బ్రేకు మీద కాలు తీస్తే చాలు, దానంతట అదే మెల్లిగా నడస్తాది. గీత కాడ మాత్రం బద్ధకం. టర్బో నిద్ర లేసేలోపల పక్కోడు దాటుకోని పోతాడు. పరిగెత్తతా ఉన్నప్పుడు తొక్కితే బాగానే పోతాది."

కన్వర్టర్ అంటే ఇంజన్‌కూ గేర్లకూ మధ్య నూనెతో నిండిన గుండ్రటి డబ్బా. క్లచ్ చేసే పని ఆ నూనె చేస్తుంది. రాఘవన్ అమెరికా పెట్టె మీద చెయ్యి వేసి ఉండగా, ఎప్పుడూ ఆ షెడ్డు గడప తొక్కని నాయన లోపలికి వచ్చి ఒక పాత టైరు మీద కూర్చున్నాడు.

"జనం నడిచే వేగంలో, ఎండలో, మూడు గంటలు పోతాదా అది?" అని అడిగాడు.

"పోదన్నా," అన్నాడు ఏసుదాస్. "వదులు కన్వర్టర్‌తో మెల్లిగా పోతే నూనె కాగిపోతాది. జపాన్‌దైతే పెండ్లి ఊరేగింపుకైనా పంపీచ్చు."

సుందరరాజులు కొడుకు వైపు చూశాడు. ఎందుకడిగాడో విడమరచి చెప్పాల్సిన పని లేదు. మునిసిపాలిటీ ఎన్నికలు వస్తున్నాయి. ఊరేగింపులో మావట్టం ఎవరి కారులో కూర్చుంటే చైర్మన్ సీటు వాళ్ళదే. పోస్టర్లకు మైదాపిండి ఉడకబెట్టిన రోజుల నుంచీ ఆయన ఆ సీటు కోసం కాచుకున్నాడు. రెండుసార్లు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నటరాజన్ అడ్డం పడ్డాడు. ఒకప్పుడు మావట్టం ఈ కాంటెస్సాను చూసి, మంత్రులెక్కిన కారు కదయ్యా అన్నాడు. ఆ ఒక్క మాటను పట్టుకుని ముసలాయన బతుకుతున్నాడు.

రాఘవన్ అమెరికా పెట్టె మీది నుంచి చెయ్యి తీశాడు. ఆ వారమే కారుకు జపాన్ పెట్టె ఎక్కింది.

ఊరేగింపు రోజు బస్టాండు దగ్గర సుందరరాజులు కారు వెనక తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. మావట్టం వచ్చాడు. కారు పైకప్పు మీద చేత్తో తట్టాడు. "బాగా పెట్టుకోనుండావు నగరం," అని మెచ్చుకుని, పోయి నటరాజన్ కొత్త తెల్లబండిలో కూర్చున్నాడు. సుందరరాజులు తలుపు మూశాడు. సరిగా పడలేదని తెరిచి మళ్ళీ మూశాడు.

తర్వాత మూడు గంటలు ఆ తెల్లబండి వెనకాలే కాంటెస్సా ఖాళీ వెనక సీటుతో నడిచింది. ఒక్క కుదుపు లేదు. నూనె వేడి ముల్లు ఉన్నచోటి నుంచి కదల్లేదు. గేర్‌బాక్స్ ఎంపికలో ఏ లోపమూ లేదని గుడియాత్తం అంతా చూసింది.

సాయంత్రం వేలూరులో బహిరంగ సభ. బండ్లన్నీ పళ్ళికొండ దగ్గర హైవే ఎక్కాయి. తెల్లబండి అందరికంటే ముందు తాపీగా పోతోంది. మావట్టం ఎక్కిన బండిని పార్టీవాడెవడూ దాటడు. దాటకూడదని ఎక్కడా రాసిపెట్టలేదు, రాయవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

"దాన్ని దాటుకోనిపో," అన్నాడు పక్క సీట్లో ఉన్న సుందరరాజులు.

"నాయనా, అది మావట్టం ఉండే బండి."

"నాకు తెలీదా? నలభై ఏండ్లుగా నేను చూస్తా ఉండేది దాని వెనక భాగమే గదా."

"ఉండే పదవి కూడా ఊడిపోతాది."

"తొక్కప్పా."

రాఘవన్ తొక్కాడు. పెట్టె రెండు గేర్లు కిందికి దిగింది, టర్బో ఈల వేసింది, కాంటెస్సా వెనక్కి కూలబడి ముందుకు దూకింది. నటరాజన్ డ్రైవరు, వెనక నుంచి అంత జోరుగా వచ్చేవాడు ఎవరో పెద్దమనిషే అయ్యుంటాడని అలవాటుగా ఎడమకు జరిగి దారి ఇచ్చాడు. కిటికీలో మావట్టం నోరు తెరిచి ఉండడం రాఘవన్‌కు ఒక్క క్షణం కనిపించింది. జేబులో ఫోను మోగుతూ ఉంటే సుందరరాజులు దాన్ని ఆపేశాడు. ముందంతా ఉత్త రోడ్డు. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

సభ దగ్గర మొదట వచ్చేది ఎప్పుడూ మావట్టం బండే. అందుకని కాంటెస్సా మలుపు తిరగగానే, లోపల ఎవరున్నారో చూడకుండానే టపాకాయలు అంటించారు. మేళం మొదలైంది, "వాళ్గ, వాళ్గ" అని జనం జేజేలు కొట్టారు. పెద్ద గులాబీ దండ పట్టుకున్న మనిషి పరుగెత్తుకొచ్చి తలుపు తీశాడు. దిగిన ముఖం చూసి అతని చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

సుందరరాజులు తువ్వాలు సర్దుకుని మెడ వంచాడు.

"వెయ్యప్పా," అన్నాడు. "తెచ్చినావు గదా."

ఆ మనిషి హైవే వైపు చూశాడు. ఇంకా ఏ బండీ రాలేదు. అతను దండ వేశాడు.