రెండో చరణంలో ఒక దెబ్బ

నేను ఒక గిటార్‌ని. పుట్టింది కలకత్తాలో, ఒక ఇరుకు సందులోని కార్ఖానాలో. నన్ను చేసిన ముసలాయన నా పొట్ట మీద వేలితో తట్టి, చెవి ఆనించి విని, మంచి గొంతేనని తలూపాడు. ఆ గర్వం నాకిప్పటికీ ఉంది. ఆ తర్వాత విశాఖపట్నంలో ఒక కొట్టు గోడకు రెండేళ్ళు వేలాడాను. వచ్చినవాళ్ళంతా నన్ను ఒళ్ళో పెట్టుకుని ఫొటో దిగి, మౌత్ ఆర్గాన్ కొనుక్కుని పోయేవారు.

చివరికి హైమావతి నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం ఆవిడది. పగలంతా నలుగురికీ సూదులు గుచ్చి, సాయంత్రం నా తీగల మీద తన వేళ్ళు కోయించుకునేది.

ఆవిడకు ఒకే కోరిక, జయశీలం మాస్టారి దగ్గర శిష్యరికం. ఒక్క గిటార్ మీదే పాటా, తాళమూ, కింది స్వరమూ అన్నీ వేళ్ళతోనే పలికించే మనిషి ఆయన. ఊరికే ఎవరినీ చేర్చుకోరు. కచేరీలో విన్న పాటను పొల్లు పోకుండా వాయించి చూపించాలి. స్వరాలు రాసిన కాగితం ఇవ్వరు, విడమరచి చెప్పరు, రెండో అవకాశం అసలే లేదు.

ఆ ఏడాది కచేరీ గ్రంథాలయం వెనక పెరట్లో జరిగింది. మాస్టారి చేత ఒకసారి తాకిద్దామని హైమావతి నన్నూ మోసుకెళ్ళింది. నా అదృష్టం చూడండి, ఆఖరి పాట ముందు ఆయన గిటార్ తీగ తెగింది. ఈవిడ ఒక్క పరుగున వెళ్ళి నన్ను ఆయన ఒళ్ళో పెట్టింది.

ఆయన ఒక పాత పడవ పాట అందుకున్నారు. నాలో అంత సంగతి ఉందని నాకే తెలియదు. రెండో చరణం మధ్యలో ఒక దోమ ఆయన మణికట్టు మీద కడుపునిండా తాగి, ఎగరలేక నా పొట్ట మీద వాలింది. మాస్టారు అరచేత్తో ఫట్‌మని ఒక్కటిచ్చారు. చెయ్యి పంట్లానికి తుడుచుకుని, ఏమీ జరగనట్టు పాటలో కలిశారు. జనం ఈలలు వేశారు. మూడో వరసలో కూర్చున్న హైమావతి భర్త గౌరునాయుడు ఫోన్‌లో ఇదంతా ఎక్కింది.

నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి. హైమావతి ఆ వీడియోను సగం వేగంలో పెట్టి, మూడు నెలలు చూసింది. వేళ్ళు పగిలాయి, కాయలు కాశాయి, పాట వచ్చింది. దెబ్బ మాత్రం కుదరలేదు. కుదరదు మరి, దోమ మీద మాస్టారికున్న కోపం నా మీద ఆవిడకెందుకుంటుంది?

"పాట బాగానే ఉంది గదా, పాపం దాన్నెందుకలా కొడతావు?" అన్నాడు గౌరునాయుడు.

"కిటుకంతా ఆ దెబ్బలోనే ఉందండీ. తర్వాత చెయ్యి తుడుచుకునే లోపల సరిగ్గా ఒక తాళం ఖాళీ వదిలారు. గొప్పవాళ్ళు ఊరికే ఏదీ చెయ్యరు."

నా పొట్ట మీద మిగిలిన ఆవగింజంత మరకను కూడా మాస్టారి చేతి గుర్తని తుడవనివ్వలేదు. రోజూ రక్తం చూసే మనిషి! అది దోమ తల్లీ అని చెప్పాలని నాకెంత ఉండేదో. నాకున్నవి ఆరు తీగలు, మాట ఒక్కటీ లేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. మాస్టారి ఎదుట కూర్చుని మొదలుపెట్టింది. ఆవిడ గుండె దడ నా వీపుకు తెలుస్తోంది. రెండో చరణం వచ్చింది. ఫట్‌మని కొట్టింది. కళ్ళు మూసుకుని, భక్తిగా, అరచెయ్యి చీరకు తుడుచుకుంది.

"ఆగమ్మా," అన్నారు మాస్టారు. "ఏటిది?"

"మీదే మాస్టారూ. కచేరీలో…"

ఆయన నన్ను దగ్గరికి లాక్కుని మరకను చూశారు. మణికట్టు గోక్కున్నారు. తర్వాత దగ్గొచ్చేదాకా నవ్వారు. "దోమమ్మా అది! ఒళ్ళంతా పీక్కు తినేసింది ఆ రోజు!"

హైమావతి మొహంలో నెత్తురు చుక్క లేదు. గోటితో మరక గీకి చూసి, కళ్ళనీళ్ళతో నన్ను సంచిలో పెట్టబోయింది. నాకు దుఃఖం ఆగలేదు.

"ఎక్కడికెల్తావు? దోమ లేకుండా ఇంకోసారి వాయించు," అన్నారు మాస్టారు.

వాయించింది. రెండో చరణంలో ఆ చోటు వచ్చేసరికి చెయ్యి గాలిలో ఆగిపోయింది. పాట వెలితిగా నడవబోయింది. అంతలో ఫట్‌మని చప్పుడు. మాస్టారు తన తొడ మీద తానే కొట్టుకుని, ఆ చేతివంక ఆశ్చర్యంగా చూసుకుంటున్నారు.



"ఉంచీ అమ్మా, అదుంటేనే బాగుంది," అన్నారు చివరికి. "ఆదివారం నుంచి రా. చెయ్యి తుడుచుకోడం మాత్రం మానెయ్."

ఇప్పుడు మాస్టారి శిష్యులు పదకొండుమందీ రెండో చరణంలో తమ గిటార్లను ఫట్‌మని కొడతారు. ఎందుకని ఎవరూ అడగరు. ఆ గిటార్లు మాత్రం గోడకు ఆనించినప్పుడు నావంక కోపంగా చూస్తాయి.

మాస్టారు చేర్చుకున్న ఆ సాయంత్రం ఇంటికొచ్చి హైమావతి స్పిరిట్ దూదితో నా మరక తుడవబోయింది. కాస్త ఆలోచించి, దాని చుట్టూ మాత్రం శుభ్రంగా తుడిచింది.