ఒక్క ఊపిరిలో వెయిన్‌గ్లోరీ

ఆ ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువు మొదటి భాగమంతా ఆమె గొంతే. రెండో భాగం కూడా దక్కాలంటే, మిగిలిన పదాలు ఈ సాయంత్రంలోగా పరీక్షకురాలి చెవి దాటాలి. దాటకపోతే వేరే గొంతు సిద్ధంగా ఉంది.

తెర మీదికి ‘వెయిన్‌గ్లోరీ’ వచ్చింది. గొప్పలకు పోవడమని అర్థం.

“బావా, దీనికి మళ్లీ నోరెందుకు నొప్పించుకోవడం? మొన్న వెయిన్ చెప్పాను, గ్లోరీ చెప్పాను. రెండూ అతికించెయ్.”

రికార్డింగు గది అద్దానికి అవతల మీటలు తిప్పుతున్న అక్క మొగుడు నవ్వాడు. “అతుకుల బొంతవుతుందేమో మరదలు పిల్లా!”

“నా గొంతులో అతుకు పట్టేవాళ్లు ఇంకా పుట్టలేదులే. కానియ్.”

పరీక్షకురాలిది ఒకటే పద్ధతి. గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని వింటుంది. పదం బాగుంటే వేలు లేస్తుంది. బావ అతికించి వినిపించిన మాటకు మాత్రం లేవలేదు.

“ఇవి రెండు మాటలు. పక్కిళ్లవాళ్లలా నిలబడ్డాయి తప్ప కాపురం చెయ్యట్లేదు.”

“ప్రతి అక్షరం సరిగ్గానే ఉంది కదండీ!”

“అక్షరాలకేం, బంగారంలా ఉన్నాయి! వెయిన్ అంటే వట్టిది, గ్లోరీ అంటే కీర్తి. విడిగా ఉన్నప్పుడు రెండూ మొనగాళ్లే. కలిశాక, మన నిఘంటువు పద్ధతిలో, బరువు ముందుదాని మీదే పడాలి. రెండోది దాని కొంగు పట్టుకుని నడవాలి. మీరు చెబుతారా, ఇంకొకరిని పిలవమంటారా?”

ఆమెకు ఒళ్లు మండింది. విసురుగా మైకు ముందుకెళ్లి చెప్పింది. గ్లోరీ గంటలా మోగింది. వేలు కదల్లేదు.

చెవులకున్న హెడ్‌ఫోన్లలో బావ గొంతు గుసగుసలాడింది. “గ్లోరీని నేను కాస్త తగ్గించనా? మీట తిప్పితే సరి.”

“వద్దు. మోగించింది నేను, తగ్గించేదీ నేనే.”

నీళ్లు తాగింది. భుజాలు వదులు చేసింది. ముందు సగం మీద గట్టిగా అడుగేసి, మధ్యలో ఊపిరి తెగకుండా, కీర్తిని మెల్లగా జారవిడిచింది. ఒకటే మాట. అతుకు లేదు, గంట లేదు.

వేలు లేచింది.

ఆ తర్వాత పదాలు ఒకటొకటిగా ఒడ్డెక్కాయి. ఎండ వాలకముందే పరీక్షకురాలు ఇటు తిరిగింది. “రెండో భాగం మీదే. అతుకులు మాత్రం వద్దు.”

“అంటే నా కత్తెరకిక పనిలేదన్నమాట,” అన్నాడు బావ.

“ఎందుకు లేదూ? నేను గొప్పలు చెప్పుకున్నప్పుడల్లా అక్కడికక్కడే కత్తిరించు.”

“అమ్మో, అప్పుడింక మిగిలేదేముంటుంది?”